తుక్కు ఇనుముతో పోస్టుడబ్బా స్తంభం: కమాన్ పట్టీ దగ్గర తిన్న దెబ్బ (కేస్ స్టడీ)

2025 ఆగస్టులో ఒక పొద్దున ట్రాలీ ఆటో ఒకటి మా షాపు ముందు ఆగింది. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద మాది చిన్న వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు, ట్రాక్టర్ ట్రాలీ రిపేర్లు మా రోజువారీ పని. ఆ ఆటోలో ఏముందయ్యా అంటే పాత ఆయిల్ ఇంజిన్ ఫ్లైవీలు ఒకటి, ఎండిపోయిన బోరులోంచి గుంజిన జీఐ పైపు ముక్కలు, ట్రాలీ కమాన్ పట్టీల (కుదుపు తట్టుకోవడానికి బండి కింద ఉండే వంపు ఉక్కు స్ప్రింగుల) కట్ట, మూత ఊడిన మోటరు స్టార్టర్ డబ్బా, ఒక సంచి నిండా వంకరపోయిన స్టీలు చెంచాలు. ముందు సీట్లోంచి దిగిన పెద్దాయన ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి రిటైరైనవారు.

"ఇవన్నీ మా ఇంటి సామానే తమ్మీ. తుక్కోనికి అమ్మబుద్ధి కాలే. వీటితోని ఇంటి ముందు పోస్టుడబ్బాకు ఒక స్తంభం చెయ్యి. పైన పాలపిట్ట కూసోవాలె. దసరకు నిలబెట్టాలె" అన్నారు.

ఆలోచన అసలు ఆయనది కాదు, టెక్సస్‌లో ఉన్న కొడుకుది. అక్కడ చాలా ఇళ్ల ముందు రోడ్డు వారగా గుంజ మీద డబ్బా ఉంటుంది, పక్కన ఎర్ర జెండా ఉంటుంది. పోస్టుమన్ వ్యాన్ దిగకుండానే ఉత్తరాలు వేసి పోతాడు. ఆ ఫొటోలూ కొలతలూ అతను నాకు వాట్సాప్‌లో పంపాడు. అమెరికా తపాలా శాఖ లెక్క ప్రకారం డబ్బా అడుగుభాగం రోడ్డు మట్టం నుంచి 41 నుంచి 45 అంగుళాల ఎత్తులో ఉండాలి. డబ్బా మూతి రోడ్డు అంచుకు 6 నుంచి 8 అంగుళాలు వెనక్కి ఉండాలి. గుంజ కర్రదైతే 4 అంగుళాల చదరం, ఇనుప పైపైతే 2 అంగుళాలది చాలు, భూమిలోకి 24 అంగుళాలకు మించి దించొద్దు. మొదట చదివినప్పుడు ఇదేం లెక్క అనుకున్నా. మనం ఏది పాతినా జన్మకు కదలొద్దని పాతుతాం. వాళ్లు బండి గుద్దితే గుంజ వంగిపోవాలని పాతుతున్నారు. మనిషి బతకాలి, డబ్బా పోతే పోనీ అని. కాంక్రీటు నింపిన పాల క్యాన్లు, లావు ఇనుప పైపులు గుంజలుగా వద్దని కూడా వాళ్లే చెబుతారు.

పెద్దాయన ఇది విని నవ్వి, "మా బర్రె వీపు గోక్కుంటె వంగొద్దు. నాకది కావాలె" అన్నారు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. రాత్రిపూట లైటు లేకుండా వచ్చే బండ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. అందుకని స్తంభాన్ని రోడ్డు మీదికి తేవద్దని చెప్పాను. బరువైన దిమ్మె, పైపు రెండూ ప్రహరీ గోడకు లోపలే ఉంటాయి. గోడ మీదుగా ఒక చెయ్యి మాత్రం బయటికి చాచి డబ్బాను గోడ అంచు దాకా తెస్తుంది. బర్రెకు గోడ అడ్డం, బండివాడికి దిమ్మె అడ్డం లేదు. ఆ చాచిన చెయ్యే తర్వాత మా ప్రాణం తీసింది.

ఎత్తు కోసం ఊరి పోస్టుమన్‌నే బైకు మీద కూర్చోబెట్టి కొలిచాం. కాలు కింద పెట్టి, మోచెయ్యి వంచి కవరు వేస్తే చేతికి అనువైన ఎత్తు 43 అంగుళాలు వచ్చింది. అమెరికా లెక్కకు దగ్గరే. అయితే దేని నుంచి కొలవాలన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. ఆ వీధికి సీసీ రోడ్డు శాంక్షన్ అయింది. మన ఊళ్లలో సీసీ రోడ్డంటే పాతదాని మీదే పోస్తారు, ఇంటి గడప కిందికి పోతుంది. అందుకే స్తంభాన్ని ఎత్తు మార్చుకునేలా రెండు పైపులుగా చేశాను. కింద రెండున్నర అంగుళాల పైపు, దాంట్లో దిగే 2 అంగుళాల పైపు. చెప్పినంత సులువు కాదు. 2 అంగుళాల పైపు బయటి కొలత 60 మిల్లీమీటర్లు, రెండున్నర పైపు లోపలి కొలత దాదాపు 69. చుట్టూ నాలుగేసి మిల్లీమీటర్ల సందు. అలాగే వదిలేస్తే గుడి గంటలా ఊగుతుంది. లోపలి పైపుకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల పట్టీలు నిలువునా అతికి, బయటి పైపుకు రెండు చోట్ల నట్లు వెల్డ్ చేసి బిగింపు బోల్టులు పెట్టాను.

ఏ ఇనుము ఏదో ముందు తేల్చుకోవాలి

కొత్త ఇనుము కొంటే షాపువాడు చెప్పిందే దాని జాతకం. తుక్కుకు జాతకం మనమే రాసుకోవాలి. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేసిన ఏడాదిలో నాకు బాగా పనికొచ్చిన పాఠం గ్రైండర్ నిప్పురవ్వల పరీక్ష. ముక్కను గ్రైండర్‌కు ఒకసారి ఆనించి రవ్వలు చూడాలి, నీడలో అయితే మేలు. మామూలు మెత్తటి ఇనుమైతే పొడవాటి పసుప్పచ్చ గీతలు వస్తాయి, చివర ఒకటి రెండు చీలికలుంటాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అయితే రవ్వలు చక్రానికి దగ్గర్లోనే కాకరపువ్వొత్తిలా గుబురుగా పేలతాయి. పోత ఇనుమైతే గీతలు పొట్టివి, ఎర్రగా, నీరసంగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ అయితే నారింజ రంగు, చీలికలు తక్కువ.

ఫ్లైవీలు రవ్వలు పొట్టిగా ఎర్రగా వచ్చాయి. సుత్తితో కొడితే ఖంగుమనకుండా దబ్బుమంది. పోత ఇనుము. కమాన్ పట్టీ కాకరపువ్వొత్తి. పైపు మామూలు ఇనుమే కానీ మీద జింకు పూత. అంటే ఒక్క ఆటోలో నాలుగు జాతుల ఇనుము దిగింది. మామూలు 6013 వెల్డింగ్ రాడ్డుతో అన్నిటినీ అతికించేద్దామనుకునేవాళ్లకు ఇది వల.

జింకు సంగతి మా దగ్గర పనిచేసే పిల్లగాడికి ఒంటి మీదే తెలిసింది. వెల్డ్ చేసే చోట అటూ ఇటూ 2 అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో తీసేయమని చెప్పాను. బయట తీశాడు, లోపల వదిలేశాడు. పైగా వాన పడుతోందని షట్టర్ సగం దించి పని చేశాడు. జింకు 907 డిగ్రీలకే ఆవిరై పోతుంది, ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలు కావాలి. రాడ్డు అంటించగానే ముందు లేచేది తెల్లటి జింకు పొగే. సాయంత్రానికి నోట్లో తియ్యటి రుచి, రాత్రికి చలి, ఒళ్లునొప్పులు, జ్వరం. పాలు తాగితే విరుగుతుందని మన వెల్డర్లందరూ చెప్పుకుంటారు. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. పాలకూ దానికీ సంబంధం లేదు, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. మర్నాటికి తగ్గింది కానీ డాక్టరుకు చూపించే పంపాను. ఆ తర్వాత పైపు పని అంతా షాపు బయట చెట్టు కింద, గాలి వీపు పక్క నుంచి వచ్చేలా నిలబడి చేశాం. బోరు పైపు లోపల నల్లగొండ నీళ్లు పేర్చిన తెల్లటి గట్టి పొర కూడా ఉంది. అది ఉలితో కొడితే గాని రాలలేదు.

ఫ్లైవీలుకు రాడ్డు తగలనివ్వలేదు. పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. నికెల్ రాడ్డు పెట్టి, నిదానంగా అంగుళం అంగుళం అతికితే అతుకుతుంది గాని, ఆ రాడ్ల ఖరీదు పెద్దాయనకు చెబితే గుండె ఆగేది. అసలు అక్కర కూడా లేదు. ఫ్లైవీలుకు ఆరు చువ్వలున్నాయి. దాన్ని పడుకోబెట్టి, చువ్వల మధ్య సందుల్లోంచి నేలలోంచి వచ్చే బోల్టులను పైకి లేపి, దాని నడిబొడ్డు మీద 10 మిల్లీమీటర్ల పలక వేసి బిగిస్తే సరి. పలకకు పైపు వెల్డ్ చేసి ఉంటుంది. మొదట నాలుగు బోల్టులకు గీశాను. ఆరు చువ్వల చక్రంలో నాలుగు బోల్టులు సమంగా పెడితే చువ్వలకు రాసుకుపోతాయి. మూడు పెడితే ఒకటి విడిచి ఒకటి సందులో చక్కగా పడతాయి. అందుకే పలకను మూడు మూలలదిగా కోశాం. చూసినవాళ్లు అది డిజైన్ అనుకుంటున్నారు.

కమాన్ పట్టీ

బయటికి చాచే చెయ్యి కోసం కమాన్ కట్టలోంచి ఒక పట్టీ తీశాను. దాని వంపు చూస్తే కొమ్మలాగే ఉంది. కొమ్మ చివర డబ్బా, కొమ్మ మీద పిట్ట. కాగితం మీద గీసుకున్నప్పుడు ఇంతకంటే మంచి ముక్క దొరకదనిపించింది. రవ్వల పరీక్షలో అది కాకరపువ్వొత్తిలా పేలిందని తెలుసు. తెలిసీ, గిరాకీ ఎక్కువున్న రోజు సాయంత్రం, 10 నంబరు 6013 రాడ్డుతో 110 ఆంపియర్ల మీద దాన్ని పైపుకు చుట్టూ అతికేశాను. బీడ్ (అతికిన గీత) అందంగా వచ్చింది, దాని మీది పెంకు, అదే స్లాగ్, దానంతటదే లేచిపోయింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేశాం, కదల్లేదు.

మా ఇల్లు షాపు వెనకే. రాత్రి పదకొండు దాటాక ఠంగుమని చప్పుడైంది. పిల్లి ఏదో పడేసిందనుకున్నా. పొద్దున చూస్తే బీడ్ అలాగే ఉంది, దాని అంచు వెంట పట్టీ వైపు దారం మందాన చీలిక. చేత్తో పట్టి లాగితే ఊడొచ్చింది.

ఎందుకైందో చెబుతాను. కమాన్ ఉక్కులో కార్బన్ సుమారు అర శాతం, అంతకు కాస్త ఎక్కువే ఉంటుంది. రాడ్డు పెట్టిన చోట ఎర్రగా కాగుతుంది, చుట్టూ ఉన్న చల్లటి లోహం ఆ వేడిని ఒక్కసారిగా గుంజేస్తుంది. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచినట్టే. బీడ్ పక్కన సన్నటి పొర గాజులా గట్టిపడి పెళుసైపోతుంది. దానికి తోడు 6013 రాడ్డు పూతలో ఉండే తేమ నుంచి హైడ్రోజన్ పుట్టి లోహంలోకి దిగుతుంది. అది వెంటనే ఏమీ చేయదు. గంటల తరబడి మెల్లమెల్లగా ఆ పెళుసు పొర దగ్గరికి చేరి, లోపలి బిగువుకు తోడై చీలుస్తుంది. అందుకే సాయంత్రం సుత్తి దెబ్బకు నిలిచింది, నడిరాత్రి దానంతటదే పగిలింది. వెల్డ్ చేసిన వెంటనే కొట్టి చూసి బాగుందనడం ఈ ఉక్కు విషయంలో పరీక్షే కాదు.

రెండోసారి పద్ధతిగా చేశాను. తెలిసిన ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో ఓవెన్ ఉంటే 7018 రాడ్లను (హైడ్రోజన్ తక్కువ పుట్టించే రకం) 350 డిగ్రీల మీద గంటన్నర ఆరబెట్టించుకొచ్చాను. పట్టీని గ్యాస్ మంటతో 250 డిగ్రీల దాకా కాచాను. వేడి చూడ్డానికి గన్ను ఉంది, కరోనా రోజుల్లో నుదుటికి పెట్టింది కాదు, 380 డిగ్రీల దాకా చూపించేది. వెల్డ్ అయ్యాక పొయ్యి బూడిదలో కప్పిపెట్టి మర్నాడు తీశాం. చీలిక లేదు. రెండు రోజులు ఆగాం, లేదు. మూడో రోజు పిల్లగాడు దాని కొసన వేలాడి ఊగాడు. నేనే ఊగమన్నాను, డబ్బా 6 కిలోలే అయినా ఊళ్లో పిల్లలు వేలాడకుండా ఉండరు. బీడ్ పక్కన అర అంగుళం దూరంలో పట్టీ వంగిపోయింది. పగల్లేదు, వంగింది. అక్కడ వెల్డింగ్ వేడికి దాని స్ప్రింగు గుణం పోయింది.

ఆ మధ్యాహ్నం ఒక ట్రాక్టర్ ట్రాలీ రిపేరుకు వచ్చింది. కింద పడుకుని కమాన్ బిగిస్తుంటే తట్టింది. ఈ పట్టీ ఇరవై ఏళ్లు టన్నుల కొద్దీ వడ్లు మోసింది, ఒక్క వెల్డ్ లేకుండా. నడుమ బోల్టు ఒకటి, అటూ ఇటూ యూ క్లాంపులు రెండు, అంతే. తయారుచేసినవాడికి తెలుసు, దీనికి మంట చూపించొద్దని. కట్టలోంచి ఇంకో పట్టీ తీసి, పైపు తలకు 10 మిల్లీమీటర్ల పలకతో చిన్న పీట వెల్డ్ చేసి, దాని మీద పట్టీని అలాంటి యూ క్లాంపులతోనే బిగించాను. బోల్టు దాని పాత రంధ్రంలోనే దిగింది. ఈసారి పిల్లగాడితో పాటు నేనూ వేలాడాను. ఊగింది, తిరిగి తన చోటికి వచ్చింది.

అప్పటి నుంచి మిగతా ముక్కలనూ అదే కంటితో చూశాను. పోస్టుడబ్బాగా వాడింది ఆ స్టార్టర్ డబ్బానే. అది పొలంలో వెనక రేకుకు ఉన్న రంధ్రాలతో కర్రకు వేలాడేది. ఇక్కడా ఆ రంధ్రాలతోనే పట్టీ కొసకు బిగించాను.

పిట్ట, జెండా

దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని మన దగ్గర పొలాల వెంట పడి వెతుకుతారు. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. దాని అందమంతా రెక్కల నీలం. ఎనామిల్ పెయింట్ వేస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుందని నాకు మొదటి నుంచీ అనుమానం. చెంచాలు ఆ బెంగ తీర్చాయి. స్టెయిన్‌లెస్‌ను మంటతో మెల్లగా కాస్తే ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, 540 డిగ్రీల దరిదాపుల్లో నీలం తేలుతుంది. 600 దాటితే ముదిరిపోతుంది. ఒక్కో చెంచాను కొస నుంచి కాస్తూ పోతే ఒకే ఈకలో గోధుమ నుంచి నీలం దాకా వస్తుంది. సంచిలో సగం చెంచాలు వేరే వేరే రకాల స్టీలు, కొన్నిటికి అయస్కాంతం అంటుకుంటుంది, అవి వేరే రంగు తిరిగాయి. వాటిని పొట్ట కింద వాడేశాం. చెంచా గుంట పలచన, రాడ్డు తగిలితే చిల్లే. అందుకని కాడల చివర్లు మాత్రం మెత్తటి ఇనుప పట్టీకి 309ఎల్ రాడ్డుతో చుక్కలు చుక్కలుగా అతికాం. స్టెయిన్‌లెస్‌నూ మామూలు ఇనుమునూ కలపడానికి ఆ రాడ్డే సరైనది. మొత్తం 46 చెంచాలు. మా ఆవిడ లెక్కపెట్టి, "ఇంట్ల చెంచాలు ముట్టకు" అని వార్నింగ్ ఇచ్చింది.

జెండా సంగతి. అమెరికాలో డబ్బా పక్కన జెండా లేపితే "నా దగ్గర పంపాల్సిన ఉత్తరం ఉంది, తీసుకుపో" అని పోస్టుమన్‌కు చెప్పడం. మన పోస్టుమన్ ఇంటింటికీ ఉత్తరాలు ఇస్తాడు గాని ఇళ్ల డబ్బాల్లోంచి తీసుకుపోడు. కొడుకు జెండా కావాలన్నాడు, తండ్రి ఎందుకన్నాడు. చివరికి పెద్దాయనే దారి చెప్పారు. "నాకు మోకాళ్ల నొప్పులు. ఉత్తరం అచ్చిందో లేదో అరుగు మీదికెల్లి కనపడాలె." అంటే జెండా తిరగబడింది. పోస్టుమన్ మూత ఎత్తగానే కొక్కెం వదులుతుంది, ఇవతలి కొసనున్న పాత బేరింగు తన బరువుకు కిందికి దిగి, అవతల జెండాను లేపుతుంది. ఉత్తరం తీసుకున్నాక పెద్దాయన చేత్తో దించి కొక్కెం తగిలిస్తారు. బేరింగుకు కూడా వెల్డ్ లేదు, దాని ఉక్కులో కార్బన్ 1 శాతం ఉంటుంది. నడుమ రంధ్రంలో బోల్టు వేసి వేలాడదీశాం.

రంగు దగ్గర మళ్లీ ఆయన అనుభవమే గెలిచింది. నేను ఎరుపు వేద్దామన్నాను, పోస్టుడబ్బా అంటే ఎరుపే కదా. "వద్దు తమ్మీ. సర్కారు డబ్బా అనుకొని జనం ఉత్తరాలు ఏసిపోతరు. అవన్నీ నేను మోసుకపోవాలె మళ్ల." రెడ్ ఆక్సైడ్ మీద ముదురు ఆకుపచ్చ వేశాం. కమాన్ పట్టీకి తుప్పు గీకి మ్యాట్ క్లియర్ కోటు. పిన్ కోడ్ మాత్రం కనపడాలన్నారు. 1972లో పిన్ కోడ్లు వచ్చినప్పటి నుంచీ జనం వాటిని రాయరని ఆయనకు కోపం. 8 మిల్లీమీటర్ల చువ్వలు వంచి, 508తో మొదలయ్యే ఆరు అంకెలు డబ్బా పక్కకు అతికాం.

నిలబెట్టడం

గుంత తవ్వితే అడుగున్నరకే బండ తగిలింది. చెల్క నేల కింద బండ ఉండటం మా దగ్గర మామూలే. మేస్త్రీ బండ పగలగొడదామన్నాడు, నేను వద్దన్నాను. అంతకంటే గట్టి పునాది మనం పోయలేం. బండకు మూడు రంధ్రాలు దొలిచి, దుమ్ము ఊది, 16 మిల్లీమీటర్ల మరల కడ్డీలు దించి గ్రౌటు పోశాం. మీద కాంక్రీటు దిమ్మె, దాని మీద ఫ్లైవీలు, దాని మీద మూడు మూలల పలక. ఫ్లైవీలును నలుగురం మోశాం. సెప్టెంబర్ నెలాఖరుకు స్తంభం నిలబడింది, అక్టోబర్ 2న దసరా.

సామానుకు 4,100 రూపాయలయ్యాయి. అందులో సగం దాకా 309ఎల్ రాడ్లు, గ్యాసు, బోల్టులే. ఇనుమంతా ఆయనదే. కూలితో కలిపి 14,000కు ఒప్పుకున్నాను. రెండుసార్లు చేసి పడేసిన చెయ్యి పని లెక్కేస్తే నాకు మిగిలింది తక్కువ.

అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు డబ్బాలోకి నీళ్లు రాలేదు, మూత మీద అంగుళంన్నర చూరు పెట్టినందుకు. కానీ ఆ గాలికి మూత లేచి జెండా ఊరికే లేచింది. పెద్దాయన వానలో గొడుగేసుకుని పోయి చూస్తే ఖాళీ డబ్బా. ఫోన్లో ఆయన మాట్లాడింది ఇక్కడ రాయను. మూత లోపలి వైపు రెండు బరువైన నట్లు బోల్టు చేశాక ఆగింది. ఆ తర్వాత ఇంకో ఫిర్యాదు వచ్చింది. డబ్బా అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన 6 మిల్లీమీటర్ల రంధ్రాలను కుమ్మరి పురుగు మట్టితో పూడ్చేసి గూడు కట్టింది. లోపలి నుంచి సన్న జాలీ వేశాం.

సంతకం పెట్టించుకోవాల్సినవి ఎలాగూ డబ్బాలో వేయరు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, అవి చేతికే ఇస్తారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది. సంక్రాంతికి కొడుకు వచ్చాడు. స్తంభం చూసి, కమాన్ పట్టీ పట్టుకుని ఊగి చూశాడు. ఇన్నాళ్లలో డబ్బాలో ఏమేం వచ్చాయని అడిగితే పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఎల్‌ఐసీ కాగితాలు రెండు, పెళ్లి కార్డులు అయిదు, బ్యాంకు నుంచి ఒక కవరు. జెండా ఎక్కువసార్లు లేపింది మాత్రం కరెంటు మీటరు చూసే పిల్లగాడట, ప్రతి నెలా బిల్లు దాంట్లోనే వేసిపోతున్నాడు.